పదేళ్ల డస్టర్‌ను ఇంటి బండిగా కొనవచ్చా? హనుమకొండ నుంచి రామప్ప దాకా నడిపి చూశాం

నమస్కారం. ముందు ఈ శబ్దం వినండి.

టక్... మళ్లీ వినండి... టక్.

స్టీరింగును పూర్తిగా ఎడమకు తిప్పి, ముందు చక్రాన్ని ఈ చిన్న గుంటలోకి దించినప్పుడు వస్తోంది. స్టీరింగు పట్టుకున్న మా బావకు వినిపించలేదు. వెనుక సీట్లో ఉన్న అక్కకూ వినిపించలేదు. చక్రం పక్కన వంగి నిలబడ్డాను కాబట్టి నాకు వినిపించింది. ఈ శబ్దాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

బండి రెనో డస్టర్. 2016 మోడల్, డీజిల్, 85 పీఎస్ శక్తిగల ఇంజను. టీఎస్ 03 నంబరు, ఒకే యజమాని, 92 వేల కిలోమీటర్లు. అడుగుతున్న ధర 4 లక్షల 60 వేలు. కొనాలనుకుంటున్నది మా అక్కా బావా. ఇంట్లో ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ. "నువ్వు ఊరందరి బండ్లూ చూసిపెడతావు, మాది చూడవా?" అని అక్క నిష్ఠూరమాడింది. అందుకే ఈ వీడియో.

అదే పేరుతో వచ్చే కొత్త తరం బండి గురించి కింద అడగకండి, దానికీ దీనికీ పోలిక లేదు. మనం మాట్లాడుతున్నది 2012 జూలైలో మన దేశంలో విడుదలై, 2022లో ఆగిపోయిన పాత డస్టర్ గురించి. రొమేనియాలో డాసియా పేరుతో పుట్టిన బండి ఇది. ఇక్కడ చెన్నై దగ్గరి ఒరగడంలో తయారైంది. వచ్చిన కొత్తలో దీనికి పోటీగా సరైన బండే లేదు. క్రెటా వచ్చింది 2015లో. 2020లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు రాగానే డస్టర్‌లో డీజిల్ ఆపేశారు. అంటే మీకు కనిపించే ప్రతి డీజిల్ డస్టరూ అంతకుముందు తయారైనదే. ఎంత మెరిసిపోతున్నా దాని వయసు మరచిపోవద్దు.

సరే, ఆ శబ్దం సంగతి.

డస్టర్‌కు ఉన్న పెద్ద గుణమే పాత డస్టర్ కొనేవారికి పెద్ద చిక్కు. దీని సస్పెన్షన్ ఎలాంటిదంటే గతుకు లోపలికి తెలియదు. గతుకు తెలియని డ్రైవరు వేగం ఎందుకు తగ్గిస్తాడు? మామూలు కారు నడిపేవారు గుంట కనిపిస్తే బ్రేకు తొక్కుతారు, డస్టర్ నడిపేవారు నేరుగా ఎక్కించేస్తారు. నేను చూసిన డస్టర్ యజమానుల్లో సగం మంది ఈ మాట గొప్పగా చెప్పుకున్నవారే. "అన్నా, దీంతో దేనికీ ఆపను" అంటారు. ఆ మాట అన్న మనిషి బండి మాత్రం నేను కొనను. అలా ఏళ్ల తరబడి తిరిగాక కింద ఇనుప భాగాల మధ్య అదురును మింగే రబ్బరు బుష్‌లు చిరిగిపోతాయి, లింక్ రాడ్లు వదులవుతాయి, షాకబ్జార్లు నూనె కారుస్తాయి. అయినా బండి మాత్రం ఇంకా మెత్తగానే వెళ్తుంటుంది. గతుకును తెలియనివ్వని బండి తన గాయాన్ని కూడా తెలియనివ్వదు.

అందుకే దీన్ని ఊళ్లో రెండు వీధులు తిప్పి "బాగుంది" అనడం కుదరదు. ఉదయం ఆరున్నరకు హనుమకొండలో బయలుదేరాం. ఆత్మకూరు, గూడెప్పాడ్, మల్లంపల్లి, ములుగు, అక్కడి నుంచి జంగాలపల్లి దగ్గర పక్కకు తిరిగి రామప్ప గుడి ఉన్న పాలంపేట. కావాలనే ఎంచుకున్న దారి ఇది. విశాలమైన జాతీయ రహదారి ఉంది, ఊరూరా స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయి, ఏటూరునాగారం వైపు నుంచి వచ్చే ఇసుక లారీలు ఉన్నాయి, చివర్లో ఇరుకు రోడ్డూ ఉంది. ఒక్క ఉదయంలో బండి గుణమంతా బయటపడుతుంది.

ఒక్క నిమిషం... వెనుక లారీ హారను కొడుతోంది, పోనిద్దాం.

ఇంజను మాట. ఈ 1.5 లీటరు డీజిల్ రెండు రకాలుగా వచ్చింది. 85 పీఎస్‌కు ఐదు గేర్లు, 110 పీఎస్‌కు ఆరు. కాగితం మీద 110 చూసి అందరూ దానికే ఎగబడతారు. నా మాట వినండి, ఊళ్లో బడికీ బజారుకీ ఎక్కువగా తిరిగే కుటుంబానికి 85 మేలు. ఇది కింది వేగంలోనే లాగుతుంది, క్లచ్ తేలిక. 110లో టర్బో (ఇంజను బలం పెంచే భాగం) మేలుకోవడానికి సుమారు 2000 ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) దాటాలి. అంతవరకు బండి బద్ధకంగా ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. హైవే మీద అది సరదాయే. హనుమకొండ చౌరస్తాలో సాయంత్రం ఏడింటికి మాత్రం ఎడమ కాలికి శిక్ష. మీరు వారానికి రెండుసార్లు హైదరాబాదు వెళ్లి వచ్చేవారైతే అప్పుడు 110 తీసుకోండి, ఆరో గేరు విలువ తెలుస్తుంది.

ఇందాక మల్లంపల్లి దాటాక ఇసుక లారీని దాటించాను చూశారా? నాలుగో గేరులో ప్రయత్నిస్తే నసిగింది. మూడుకు దించాక వెళ్లింది. ఐదుగురు ఎక్కి, ఏసీ వేసి ఉన్నప్పుడు 85 పీఎస్‌తో తొందరపడి దాటించకండి. ఈ ఇంజనుకు అంత తొందర లేదు.

మైలేజీ. బయలుదేరే ముందు ట్యాంకు నిండా కొట్టించాం, తిరిగి వచ్చాక అదే బంకులో మళ్లీ నింపాం. 140 కిలోమీటర్లకు 7.8 లీటర్లు పట్టింది. అంటే దాదాపు 18. ఒక్కరోజు లెక్కను పట్టుకుని ప్రమాణాలు చేయలేను. ఊళ్లో 14, 15 అనుకోండి.

లోపలికి వద్దాం. అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టాం. కిందికి కుంగి కూర్చోనవసరం లేదు, పైకి ఎక్కనవసరం కూడా లేదు. చీరలో ఉన్న మనిషి నడుము తిప్పి కాళ్లు లోపలికి పెట్టుకుంటే చాలు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే టచ్ స్క్రీన్ కన్నా ఇదే ముఖ్యం. వెనుక ముగ్గురు పెద్దవాళ్లు నిజంగానే పడతారు. వెనుకవాళ్లకు చల్లగాలి పైకప్పు దగ్గరి నుంచి వస్తుంది. మే నెలలో రామగుండం వైపు వెళ్లేవారికి దాని విలువ వేరే చెప్పాలా?

డిక్కీ 475 లీటర్లు. ఈ అంకె మీకు ఏమీ చెప్పదని తెలుసు. నా కొలత చెబుతాను. పోయిన జాతరకు అమ్మ నిలువెత్తు బంగారం మొక్కుకుంది. అంటే తెలుసుగా, మేడారంలో బంగారమంటే బెల్లం. అమ్మ బరువు 62 కిలోలు. ఆ బెల్లం, రెండు వంట గిన్నెలు, పొయ్యి, చాపలు, రెండు రాత్రుల దుప్పట్లు. అప్పుడు నా చిన్న కారులో సగం సామాను అమ్మ ఒళ్లోనే ప్రయాణం చేసింది. ఇందులో అదంతా డిక్కీలోనే సర్దుకుపోతుంది. కింద నేలకూ బండికీ మధ్య 205 మిల్లీమీటర్ల ఎత్తు ఉంది కాబట్టి అంత బరువుతో స్పీడ్ బ్రేకరు ఎక్కినా పొట్ట తగలదు.

వంకలు కూడా చెప్పాలి. లోపలి ప్లాస్టిక్ గట్టిది, చూపులకు చవకగా ఉంటుంది. పాటల శబ్దం పెంచే మీటలు స్టీరింగు వెనుక దాక్కుని ఉంటాయి. ఇక పక్క అద్దాలను సర్దే మీట ఎక్కడుందో చెప్పండి చూద్దాం? అక్క ఐదు నిమిషాలు వెతికింది. తలుపు మీద లేదు, డాష్‌బోర్డు మీద లేదు. హ్యాండ్ బ్రేకు కింద ఉంది! దాన్ని అక్కడ పెట్టిన మనిషి ఎప్పుడైనా బండి నడిపాడా అని నా అనుమానం.

జంగాలపల్లి దాటాం. ఇక్కడ బండి ఆపింది రామప్ప గురించి చెప్పడానికి కాదు, నీళ్ల గురించి చెప్పడానికి. ఇది వెంకటాపూర్ మండలం. 2023 జూలైలో ఈ మండలంలోని లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలోనే రికార్డు. అదే వానకు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగింది, వరంగల్‌లో, హనుమకొండలో కాలనీలకు కాలనీలు నీళ్లలో ఉన్నాయి. 2020 ఆగస్టులోనూ ఇదే గతి. ఇళ్ల ముందు నిలిపిన బండ్లు సీట్ల దాకా మునగడం మనమంతా కళ్లారా చూశాం. ఆ బండ్లు ఏమయ్యాయి? కొన్ని తుక్కుకు వెళ్లాయి. కొన్ని కడిగి, ఆరబెట్టి, సెంటు కొట్టి మళ్లీ అమ్మకానికి వచ్చాయి. నేనే ఒకసారి మోసపోయాను. అది వేరే బండి. ఎవరి దగ్గర కొన్నానో చెప్పను. మూడు నెలలు బాగానే తిరిగింది, ఆ తర్వాత ఒక రాత్రి దానంతట అదే వైపర్లు ఆడించడం మొదలుపెట్టింది.

కాబట్టి మన ప్రాంతంలో పాత బండి చూసేటప్పుడు నేను మొదట చేసేది బానెట్ ఎత్తడం కాదు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగుతాను. ఇలా... ఇంకా... పూర్తిగా. లోపల చుట్టుకుని ఉండే ఈ చివరి మూర ఎవరూ కడగరు. అక్కడ మట్టి చార ఉంటే ఇక ఆ బండి గురించి మాట్లాడుకోవలసింది ఏమీ లేదు, ఇంటికి వెళ్లిపోవచ్చు. తర్వాత సీట్ల కింది పట్టాలకు తుప్పు ఉందేమో చూడండి. కాళ్ల దగ్గరి తివాచీ ఒక మూల ఎత్తి వాసన చూడండి. ఈ బండిలో బెల్టులు శుభ్రంగా ఉన్నాయి. తివాచీ కింద మాత్రం మూడు మరమరాలు, ఒక పది రూపాయల నాణెం దొరికాయి. నాణెం యజమానికి ఇచ్చేశాం.

ఇంత దూరం వచ్చి గుడి చూడకుండా వెళ్తే అమ్మ ఊరుకోదు. వెళ్లాం. రామప్ప పునాదిలో ఇసుక నింపారని, భూమి అదిరినా ఆ అదురును ఇసుక మింగుతుందని గైడు చెబుతుంటే మా బావ నా వైపు చూసి "మీ డస్టర్ బుష్‌ల లాగానా?" అన్నారు. ఎనిమిది వందల ఏళ్లు నిలిచిందండీ ఆ పునాది. మన బుష్‌లకు ఆ భాగ్యం లేదు.

ఇప్పుడు అసలు ఖర్చు గురించి. పాత డీజిల్ డస్టర్ కొనేటప్పుడు అందరూ కిలోమీటర్లు అడుగుతారు. మీరు టైమింగ్ బెల్టు బిల్లు అడగండి.

ఈ ఇంజనులో కింద తిరిగే భాగాన్నీ పైన వాల్వులనూ కలిపి తాళం తప్పకుండా తిప్పేది ఒక రబ్బరు బెల్టు. కొన్ని ఇంజన్లలో ఆ పని గొలుసు చేస్తుంది, ఇందులో బెల్టు. అది తెగితే వాల్వులు అక్కడే ఆగిపోతాయి, పిస్టన్లు మాత్రం వచ్చి వాటిని గుద్దుతాయి. వంగిన వాల్వులు, విప్పిన ఇంజను, బండి ధరలో పెద్ద ముక్కకు రెక్కలు. తెగే ముందు బెల్టు చెప్పదు. శబ్దం చేయదు, దీపం వెలిగించదు. పైగా ఇది కిలోమీటర్లతో మాత్రమే కాదు, ఏళ్లతోనూ ముసలిదవుతుంది. తక్కువ తిరిగిన బండి అని సంబరపడి పాత బెల్టుతోనే నడిపేవారు ఇక్కడే దెబ్బతింటారు. బిల్లు లేకపోతే, బెల్టు మార్చలేదనే లెక్క. "మార్పించాను, కాగితం ఎక్కడో ఉంది" అన్న మాటకు రూపాయి విలువ ఇవ్వకండి. మార్చేటప్పుడు బెల్టు ఒక్కటే కాకుండా దాన్ని బిగువుగా ఉంచే టెన్షనరు, వాటర్ పంపు కూడా కలిపి మార్చండి. వాటర్ పంపును తిప్పేదీ ఆ బెల్టే. పంపు తర్వాత పాడైతే అంతా మళ్లీ విప్పాలి, కూలి రెండుసార్లు.

బండి ఆగిపోయింది కదా, సామాను దొరుకుతుందా అని మీలో చాలామంది అడుగుతారని తెలుసు. ఈ ఇంజను విషయంలో నాకు భయం లేదు. నిస్సాన్ టెరానో, సన్నీ, రెనో లాడ్జీ, మహీంద్రా వెరిటో డీజిల్, అన్నింటిలోనూ ఉన్నది ఈ కుటుంబం ఇంజనే. వెరిటోలు మన దగ్గర ట్యాక్సీలుగా ఎన్ని తిరిగాయో మీకు తెలుసు. వాటిని విప్పి బిగించిన మెకానిక్‌కు ఇది కొత్త కాదు. రెనో కంపెనీ కూడా దేశం వదిలి వెళ్లలేదు, ఇతర బండ్లు అమ్ముతూనే ఉంది. ఇబ్బంది వస్తే లైట్లు, బంపర్లు, లోపలి ప్లాస్టిక్ ముక్కల దగ్గర రావచ్చు. అందుకే చిన్న టింకరింగ్ పనులు ఉన్న బండి కన్నా, ఇంజను పని కాస్త ఉన్నా ఒంటికి దెబ్బ లేని బండే నాకు ఇష్టం.

ఇక నాకు నచ్చని విషయం, దాచకుండా చెబుతాను. 2017లో కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ ఈ డస్టర్‌ను గుద్ది పరీక్షించింది. ఎయిర్‌బ్యాగ్ లేని కింది మోడల్‌కు వచ్చినవి సున్నా నక్షత్రాలు. డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ ఉన్నదానికి మూడు. బండి బయటికి దున్నపోతులా కనిపిస్తుంది కాబట్టి భద్రంగా ఉంటుందని అనుకోవద్దు. దేశంలో డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయిందే 2019 జూలైలో. అంతకుముందు తయారైన బండిలో అది ఉందో లేదో మీరే చూసుకోవాలి. స్టీరింగు మధ్యలో, ఎడమ పక్క డాష్‌బోర్డు మీద గుర్తు ఉంటుంది. ఈ బండిలో డ్రైవరు వైపు మాత్రమే ఉంది. ముందు ఎడమ సీట్లో కూర్చునేది మా అమ్మ. ఈ మాట చెప్పినప్పుడు అక్క కాసేపు ఏమీ మాట్లాడలేదు. రెండు ఎయిర్‌బ్యాగులున్న పై మోడల్ దొరికితే, పాతిక వేలు ఎక్కువైనా సరే, అదే తీసుకోమని చెప్పాను. దొరకాలి కదా మరి.

ఫోర్ వీల్ డ్రైవ్ డస్టర్ కూడా ఉంది, 2014లో వచ్చింది. అడవి దారులు, పొలాల్లో బురద మీ రోజువారీ జీవితమైతే అది ముచ్చటైన బండి. బడి పిల్లల కోసమైతే అనవసర ఖర్చు. 2020లో వచ్చిన 1.3 లీటరు టర్బో పెట్రోలు 156 పీఎస్‌ది. నడిపితే వదలబుద్ధి కాదు. దాని మీద వేరే వీడియో చేయాలి, అందుకు ముందు ఒకటి దొరకాలి.

కాగితాల విషయంలో రెండు మాటలు. ఏపీ 36 నంబరు చూసి వేరే రాష్ట్రం బండి అని భయపడకండి, అది మన ఉమ్మడి వరంగల్ పాత నంబరే. అయితే 2012లో రిజిస్టరైన బండికి పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు 2027లో ముగుస్తుంది, ఆ లెక్క ధరలో తీసేయండి. అసలు భయపడవలసింది ఢిల్లీ బండ్ల గురించి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై ఆంక్షలు పెట్టారు కాబట్టి చవకగా ఇటు వస్తాయి. లక్ష తక్కువకు వచ్చిందని మురిసిపోతే ఎన్ఓసీ (అక్కడి ఆఫీసు ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, రీ రిజిస్ట్రేషన్ అంటూ ఆ లక్ష ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరగడంలోనే కరుగుతుంది. బ్యాంకు అప్పు తీరినా ఆర్సీలో హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు నమోదు) అలాగే ఉండిపోయిన బండ్లు చాలా ఉన్నాయి, అది తీయించాకే డబ్బు చేతిలో పెట్టండి. చలానాలు కూడా ఫోనులో చూసుకోండి. ఈ బండి మీద రెండు ఉన్నాయి, రెండూ అతివేగానికే. గతుకుల దగ్గర ఆపే రకం యజమాని కాదని నాకు అప్పుడే అర్థమైంది.

తిరిగి వచ్చాక మాకు తెలిసిన మెకానిక్ దగ్గర బండిని పైకి లేపించాం. నా చెవి నిజమే చెప్పింది. ఇదిగో, ఎడమ వైపు చక్రాన్ని పట్టుకునే కింది ఆర్మ్ బుష్ చూడండి, రబ్బరు చీలి వేలాడుతోంది. కుడి వైపుది కూడా చీలే దారిలోనే ఉంది. లింక్ రాడ్లు రెండూ మార్చాలి. షాకబ్జార్లు మాత్రం పొడిగా ఉన్నాయి, ఇంకా పనికొస్తాయి. టైర్ల మీద నాలుగు అంకెలు చూడండి, 1619 అని ఉంది. 2019లో పదహారో వారంలో తయారైందని అర్థం. గాట్లు ఉన్నా రబ్బరు గట్టిపడింది, నాలుగూ మార్చాల్సిందే. మెకానిక్ చెప్పిన లెక్క ఇది: బుష్‌లు, లింక్ రాడ్లు 12 వేలు, బెల్టు, పంపు కలిపి 15 వేలు, టైర్లు 34 వేలు. మొత్తం 61 వేలు. బావ ఆ అంకెను సెల్‌ఫోనులో రాసుకుని యజమానికి ఫోను చేశారు. 4 లక్షలకు ఇస్తే రేపే వస్తామన్నారు. బెల్టు మార్పించిన బిల్లు చూపిస్తే ఇంకో 15 వేలు కలుపుతామన్నారు.

యజమాని అటు నుంచి నవ్వారు. "బిల్లు ఉంది, వెతికి పంపిస్తాను" అన్నారు.

రాత్రి తొమ్మిదింటికి ఫోటో వచ్చింది. బిల్లు నిజమైనదే. బెల్టు, టెన్షనరు, వాటర్ పంపు, అన్నీ ఉన్నాయి. తేదీ 2019 నవంబరు, 58 వేల కిలోమీటర్ల దగ్గర. అప్పటి నుంచి బండి తిరిగింది 34 వేలే. కానీ రబ్బరుకు వయసు ఆగదు కదా. ఆ 15 వేలు కలపాలా వద్దా అని అక్కా బావా ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది: "ఆ రెండో గాలి సంచి ఉన్న బండి ఎక్కడా లేదా?"

హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల చుట్టుపక్కల రెండు ఎయిర్‌బ్యాగులున్న 85 పీఎస్ డస్టర్ ఎవరైనా అమ్ముతుంటే కింద రాయండి. టైమింగ్ బెల్టు బిల్లు ఫోటో జతచేయడం మరచిపోకండి.